బంగాళాఖాతంలో క్షారం కలపాలంటే ముందు మన నీళ్ళలో పరీక్ష జరగాలి

సముద్రంలో సున్నమో, కాస్టిక్ సోడానో, పిండిలా నూరిన రాయో కలిపితే గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇంకాస్త ఎక్కువగా నీళ్ళలోకి దిగుతుంది. దీన్ని సముద్ర క్షారత పెంపు అంటున్నారు. ఆలోచన కొత్తదేమీ కాదు, 1995లోనే హరూన్ ఖేష్గీ అనే శాస్త్రవేత్త దీని మీద పేపర్ రాశాడు. ఈ మధ్యే అది కాగితం దాటి బయటికొచ్చింది. కెనడాలో హాలిఫాక్స్ దగ్గర ఒక కంపెనీ, పవర్ ప్లాంటు నుంచి సముద్రంలోకి పోయే కూలింగ్ నీళ్ళలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలుపుతోంది, దానికి కార్బన్ క్రెడిట్లు, అంటే ఇన్ని టన్నుల కార్బన్ తగ్గించామని చూపించి అమ్ముకునే పత్రాలు, కూడా తీసుకుంటోంది. అమెరికాలో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2025 ఆగస్టులో మెయిన్ సింధుశాఖలో సుమారు 65 వేల లీటర్ల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని ఓడ వెనక నుంచి వదిలారు. అది ఎటు పోతోందో తెలియడానికి ఎర్ర రంగు కలిపి, రోజుల తరబడి ఆ నీళ్ళ వెంటే తిరిగి కొలిచారు.

ఇవాళ కాకపోతే రేపు ఇది మన తీరానికీ వస్తుంది. మనకి పొడవైన తీరం ఉంది, సముద్రపు నీళ్ళు తోడుకుని వాడే సింహాద్రి లాంటి విద్యుత్ కేంద్రం ఉంది, ఉక్కు పరిశ్రమ ఉంది, దాని పక్కన స్లాగ్ (ఉక్కు తయారీలో మిగిలే చిట్టెం) గుట్టలున్నాయి, పోర్టులున్నాయి. క్రెడిట్లు అమ్ముకునేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? మా విశాఖలో ఈ సంగతి ఎత్తినప్పుడల్లా నాకు రెండు జవాబులే వినపడుతున్నాయి. "బాబోయ్, సముద్రంలోకి మళ్ళీ కెమికల్సా, ఉన్నవి చాలవా" అనేది ఒకటి. కాస్త చదువుకున్నవాళ్ళు, పేపర్లు తిరగేసేవాళ్ళు చెప్పేది ఇంకోటి: "విదేశాల్లో టెస్టులు చేశారు కదా, ప్లవకాలకి పెద్దగా ఏమీ కాలేదంట, ఇంకేంటి భయం" అని. ప్లవకాలంటే నీళ్ళలో తేలుతూ బతికే, చాలావరకు కంటికి కనపడని జీవులు. మొదటి మాటలో భయానికి కారణం ఉంది, నేను కాదనను, కానీ ఆ భయంతోనే తలుపు మూసేస్తే రేపు వేడెక్కే సముద్రానికి, ఆమ్లం ఎక్కే సముద్రానికి మన దగ్గర ఏ జవాబూ ఉండదు. రెండో మాట మాత్రం నాకు నిజంగా టెన్షన్ పెడుతుంది. ఎందుకంటే ఆ టెస్టులు జరిగిన నీళ్ళు వేరు, మన నీళ్ళు వేరు. పైగా "ఏమీ కాలేదు" అంటే ఏం కాలేదని అర్థమో ఎవరూ ఆగి అడగడం లేదు.

ముందు కెమిస్ట్రీ కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సముద్రపు నీళ్ళలో కరిగి ఉన్న కార్బన్‌లో వాయువు రూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. తొంభై వంతుల దాకా బైకార్బనేట్, మిగిలినది కార్బొనేట్. క్షారం కలిపితే ఆ కాస్త వాయువులోంచి కూడా కొంత బైకార్బనేట్‌గా మారిపోతుంది. నీళ్ళలో వాయువు తగ్గింది కాబట్టి పైనున్న గాలి నుంచి మళ్ళీ లోపలికి దిగుతుంది. అలా దిగిన కార్బన్ వేల ఏళ్ళు నీళ్ళలోనే ఉండిపోతుంది. ప్రకృతి ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. వాన నీళ్ళు రాళ్ళని కొద్దికొద్దిగా కరిగిస్తాయి, ఆ కరిగిన క్షారాన్ని గోదావరి, వంశధార, నాగావళి మోసుకొచ్చి సముద్రంలో పోస్తాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర నిలబడితే మన కొండరాయి అరిగి అరిగి చివరికి ఏమవుతుందో కంటికి కనిపిస్తుంది. కాకపోతే దానికి వేలూ లక్షల ఏళ్ళు కావాలి. మనుషులేమో ఏటా సుమారు 4,000 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నారు, అందులో పావు వంతు దాకా సముద్రమే మింగుతోంది. ఆ మింగిన దానివల్లే పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గరున్న పైనీటి పీహెచ్ ఇప్పుడు 8.1కి వచ్చింది. వినడానికి చిన్న తేడా. కానీ పీహెచ్ లెక్క వేరు, ఆ 0.1 తేడాకి ఆమ్లత నూటికి పాతిక ముప్పై వంతులు పెరిగినట్టు.

కాబట్టి రాళ్ళు చేసే పనిని మనం తొందరపెడదాం అనడంలో తర్కం ఉంది. చిక్కు ఎక్కడంటే ఆ తొందరలోనే. క్షారం నీళ్ళలో కలవడానికి నిమిషాలు చాలు, గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్ దిగి ఆ లోటు పూడటానికి మాత్రం నెలలు పడుతుంది, ఒక్కోచోట ఏడాది దాటుతుంది. ఈ మధ్య కాలమంతా ఆ నీళ్ళలో పీహెచ్ ఎక్కువగా, వాయువు తక్కువగా ఉంటుంది. అక్కడ ఎవరుంటారు? వృక్ష ప్లవకాలు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగ క్రియలో దాదాపు సగం చేసేది ఈ కంటికి కనపడనివే. వాటిలో సిలికా గోడ కట్టుకునే డయాటమ్‌లు ఒక్కటే భూమి మొత్తం లెక్కలో ఐదో వంతు దాకా చేస్తాయి. వాటికి కావలసింది ఆ ఒక్క వంతు వాయువు. అది దొరక్కపోతే చాలా జాతులు బైకార్బనేట్‌ని లోపలికి లాక్కుని వాయువుగా మార్చుకుంటాయి, కానీ ఆ పనికి శక్తి ఖర్చవుతుంది. ఆ పని అన్ని జాతులకీ ఒకేలా చేతకాదు కూడా. చిన్న కణాలకి వాయువు చుట్టూ ఉన్న నీళ్ళనుంచి తేలిగ్గా అందుతుంది, లావుపాటి కణాలకి అందదు. అందుకే క్షారం కలిపితే ప్లవకాలు చస్తాయా బతుకుతాయా అని అడిగితే సరైన జవాబు రాదు. ఎవరు వెనకబడతారు, ఎవరు ముందుకొస్తారు అని అడగాలి.

ఇది నాకు పుస్తకాల్లో కన్నా ముందు ట్యాంకుల్లో అర్థమైంది. ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ అయ్యాక కొంతకాలం భీమిలి అవతల ఒక రొయ్యల హేచరీలో ఆల్గే సెక్షన్‌లో పనిచేశాను. హేచరీ గురించి తెలియనివాళ్ళ కోసం చెప్తాను: రొయ్య గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల మొదట తన ఒంట్లో ఉన్న పచ్చసొన మీదే బతుకుతుంది, తర్వాత జోయియా అనే దశలోకి వస్తుంది, అప్పటినుంచి దానికి బయటి తిండి కావాలి. ఆ తిండి కీటోసెరాస్, థలాసియోసిరా అనే డయాటమ్‌లు. ఇవేవీ బయటివి కావు, మన తీరం నీళ్ళలో ఉండేవే. వాటిని ఏసీ గదిలో ఫ్లాస్కుల్లో మొదలుపెట్టి, కార్బాయ్‌లలోకి, అక్కడినుంచి బయట ఎండలో పెద్ద ట్యాంకుల్లోకి పెంచుకుంటూ పోతారు. బాగా పెరిగిన కీటోసెరాస్ ట్యాంకు లేత బెల్లం పాకం రంగులో ఉంటుంది. నైట్రేట్, ఫాస్ఫేట్, ఇనుము, విటమిన్లు అన్నీ వేసినా సోడియం సిలికేట్ తక్కువైతే ఆ రంగు నిలవదు. డయాటమ్ గోడ సిలికాతో కట్టుకున్నది, సిలికా లేకపోతే కణం రెండుగా చీలలేదు. అలాంటి ట్యాంకు ఖాళీగా మాత్రం ఉండదు. ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒక ఆకుపచ్చది ఎక్కేస్తుంది. దూరం నుంచి చూస్తే నీళ్ళు చిక్కగానే ఉంటాయి, క్లోరోఫిల్ కొలిస్తే అంకె కూడా బాగానే వస్తుంది. ఆ నీళ్ళు జోయియాకి పెడితే మాత్రం పిల్ల ఎదగదు. తింటోందో లేదో తెలుసుకోవడానికి బీకరులో కాసిన్ని పిల్లల్ని పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసేవాళ్ళం. తిన్న పిల్ల వెనక మలం సన్నటి దారంలా వేలాడుతుంది, తినని పిల్ల వెనక ఏమీ ఉండదు. ఆ దారం ఉందా లేదా అన్నదాని మీద హేచరీ మొత్తం ఆ రోజు మూడ్ ఆధారపడేది.

ఇంకో సంగతి కూడా అక్కడే చూశాను. ఎండ కాసే రోజు బాగా చిక్కబడ్డ ట్యాంకులో పీహెచ్ మధ్యాహ్నానికి జర్రున పైకి పోతుంది, ఎందుకంటే ఆల్గే ఉన్న వాయువంతా తినేస్తుంది. 9 దాటిందంటే పెరుగుదల మందగిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదిలితే మళ్ళీ తేరుకుంటుంది. అంటే ప్లవకాలు ఎక్కువ పీహెచ్ చూడనివేమీ కాదు, బ్లూమ్ (ప్లవకాలు ఒక్కసారిగా విపరీతంగా పెరగడం) వచ్చిన ప్రతిసారీ అవే దాన్ని తెచ్చిపెట్టుకుంటాయి. ఇది క్షారత పెంపు వైపు మాట్లాడేవాళ్ళకి న్యాయంగా దక్కాల్సిన మార్కు. కానీ బ్లూమ్ చివర్లో, తిండి అంతా అయిపోయాక వచ్చే పీహెచ్ వేరు, బ్లూమ్ మొదలవ్వాల్సిన రోజునే బయటినుంచి వచ్చి పడే పీహెచ్ వేరు. పరుగు మొదట్లో కాలు తడబడినవాడు వెనకే ఉండిపోతాడు, ఆ సందులో ఇంకొకడు ముందుకి పోతాడు.

ఇప్పుడు ఆ విదేశీ టెస్టుల సంగతి. వాటిని నేను తేలిగ్గా తీసెయ్యడం లేదు, చాలా కష్టపడి చేసిన పనులు. 2021లో స్పెయిన్‌కి చెందిన గ్రాన్ కనారియా ద్వీపం దగ్గర, 2022లో నార్వేలో బెర్గెన్ దగ్గర, జర్మనీ గెయోమార్ సంస్థకి చెందిన ఉల్ఫ్ రీబెసెల్ బృందం, ఇంకా కొన్ని దేశాలవాళ్ళు కలిసి, సముద్రపు నీళ్ళని పెద్ద పెద్ద సంచుల్లో బంధించి, అందులో ఉన్న జీవుల్ని అలాగే ఉంచి, ఒక్కో సంచిలో ఒక్కో మోతాదు క్షారం కలిపి వారాల తరబడి చూశారు. గ్రాన్ కనారియాలో పై మోతాదు ఎంతంటే, సముద్రంలో మామూలుగా ఉండే క్షారతకి దాదాపు రెట్టింపు. అంత కలిపినా ప్లవకాల ఆహార వల పెద్దగా చెదరలేదు. అంతకుముందు చాలామందికి ఉన్న భయం ఒకటుంది. టాస్మేనియాలో పనిచేసే లెనార్ట్ బాక్, మరికొందరు 2019లో ఆ భయాన్ని స్పష్టంగా రాశారు. సున్నం రకం క్షారం కలిపితే సుద్ద చిప్పలు కట్టుకునే కొకొలిథోఫోర్లు పెరిగి సముద్రం తెల్లబడొచ్చు, రాయి పొడి కలిపితే సిలికా వల్ల డయాటమ్‌లు పెరిగి పచ్చబడొచ్చు అన్నది దాని సారాంశం. తెల్లబడటం మంచిది కాదు, ఎందుకంటే కొకొలిథోఫోర్ చిప్ప కట్టుకునేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ తిరిగి బయటికొస్తుంది, కలిపిన క్షారం కొంత వృథా పోతుంది. ఆ సంచుల్లో అంతటి తెల్లదనం కనపడలేదు. ఇది మంచి వార్తే, దాచాల్సిన పని లేదు.

అయితే గ్రాన్ కనారియా సంచుల్లో పోసింది ముందే కార్బన్ డయాక్సైడ్ లోటు పూడ్చిన క్షారం. అంటే నేను పైన చెప్పిన ఆ నెలల ఇబ్బంది వాటికి రానే లేదు. ఓడ మీంచి సోడా వదిలినా, కూలింగ్ నీళ్ళలో పొడి కలిపినా లోటు పూడ్చి వదలరు, దానికి ఖర్చవుతుంది. బెర్గెన్‌లో పూడ్చకుండా చేశారు, అక్కడ మోతాదు తక్కువ, సిలికా కలిపిన సంచుల్లో డయాటమ్‌ల గోడలు మందమయ్యాయి. మందమైన గోడ ఉన్న డయాటమ్ బరువెక్కి తొందరగా మునుగుతుంది, తినేవాటికి కొరకడం కూడా కష్టం. టాస్మేనియాలో చిన్న పాత్రల స్థాయిలో చేసిన పరీక్షలో బ్లూమ్ అన్నిట్లోనూ వచ్చింది, కానీ ఏ జాతులు ఎంతెంత అన్నది మారింది. మళ్ళీ అక్కడికే వచ్చాం చూడండి. మొత్తం పచ్చదనం అంతే ఉంది, లోపల మనుషులు మారారు అన్నట్టు. హేచరీలో పిల్లల్ని పెంచినవాళ్ళకి ఆ రెండో సగం విన్నాక మొదటి సగం ఊరటనివ్వదు.

ఇంకో లెక్క ఉంది, జీవుల ప్రమేయం లేనిది. క్షారం మరీ ఎక్కువైతే నీళ్ళలోంచి సుద్ద తనంతట తానే గట్టిపడి రాలడం మొదలుపెడుతుంది, ఒకసారి మొదలైతే అంత తేలిగ్గా ఆగదు, కలిపిన దానికన్నా ఎక్కువ క్షారం పోగొట్టుకునే ప్రమాదం కూడా ఉంది. రేణువులు తేలే నీళ్ళలో ఇది ఇంకా తొందరగా మొదలవుతుంది, ఎందుకంటే రాలడానికి ఆనుకునే చోటు ఆ రేణువే. వానాకాలం తర్వాత మన తీరం నీళ్ళలో మట్టి ఎంత ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

మన నీళ్ళు వేరు అన్నాను కదా, ఎలా వేరో చెప్తాను.

బంగాళాఖాతం మీద మూతలా తక్కువ ఉప్పదనం ఉన్న నీటి పొర ఒకటి ఉంటుంది. గంగా బ్రహ్మపుత్రల నుంచి మహానది, గోదావరి, కృష్ణ దాకా అన్ని నదులూ, పైనుంచి పడే వానా కలిసి కట్టిన పొర అది. దాని వల్ల కింది పోషకాలు పైకి రావడం కష్టం, అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాల ఉత్పత్తి తక్కువ. ఆ పొరలో క్షారత కూడా తక్కువే, ఉప్పు పలచబడితే అదీ పలచబడుతుంది. ఇక్కడ క్షారం కలిపితే ఏమవుతుంది? నా ఊహ ఇది: పలచటి పై పొరలోనే ఉండిపోతుంది, లోతుకి తొందరగా కలవదు. కార్బన్ లెక్క చూసేవాడికి ఇది పండగ, గాలితో ఎక్కువసేపు తాకుతుంది కాబట్టి. ప్లవకాలవైపు నుంచి చూస్తే అదే ఇబ్బంది, మోతాదు పలచబడకుండా వాటి మీదే కూర్చుంటుంది. ఒకే కారణం ఒకరికి లాభం, ఒకరికి నష్టం. ఈ బేరం గ్రాన్ కనారియా సంచి చెప్పలేదు, బెర్గెన్ సంచి అసలే చెప్పలేదు.

ఇక మన విశాఖ తీరం సంగతి. 1950లలో అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ ఆంధ్రా యూనివర్సిటీలో ఉండి, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరాన్ని కొలిచాడు. ఏడాది మొదట్లో, శీతాకాలం పోయి ఎండలు ముదిరే లోపు, తీరం పక్కన చల్లటి కింది నీళ్ళు పైకి లేస్తాయని అప్పుడే రాశారు. జువాలజీలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు ఆ నీళ్ళలో ప్లవకాలు నెల నెలా ఎలా మారతాయో లెక్కలు కట్టారు. 1969లో డి.వి. సుబ్బారావు వాల్తేరు తీరంలో ఆస్టెరియోనెల్లా అనే డయాటమ్ విరగబూసి నీళ్ళ రంగే మారిపోయిన సంగతి మీద పేపర్ ప్రచురించారు. ఆస్టెరియోనెల్లా మైక్రోస్కోపు కింద చూడటానికి ఎంత బాగుంటుందో, ఒకదాని మొదలు ఇంకోదానికి అంటుకుని నక్షత్రంలా, మెలికలు తిరిగిన గొలుసులా ఉంటుంది. అంటే ఈ ఊరికి డెబ్బై ఏళ్ళ లెక్కల పుస్తకం ఉంది. అది మనకున్న పెద్ద ఆస్తి, ఎవరికీ అరువివ్వలేనిది, అరువు తెచ్చుకోలేనిది.

ఆ పైకి లేచే నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, పీహెచ్ తక్కువ, పోషకాలు ఎక్కువ. ఆ నెలల్లో క్షారం కలిపితే వాయువు లోటు అంత పడకపోవచ్చు, ఎందుకంటే ముందే మిగులు ఉంది. అదే ఆ నీళ్ళు పాతబడి బ్లూమ్ మింగేశాక కలిపితే లోటు మీద లోటు. వానలయ్యాక ప్రవాహం తిరగబడి ఉత్తరం నుంచి నదుల నీళ్ళు తీరం వెంట కిందికి వస్తాయి, అప్పుడు కథ ఇంకోలా ఉంటుంది. మన తూర్పు తీరంలోనే ఒకే కాలంలో ఒకచోట సముద్రం కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంటే ఇంకోచోట గాలికి వదులుతుందని ఇక్కడి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు చూపించారు. అదే కేంద్రంలో వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం 2015లో ఇంకో ముఖ్యమైన విషయం చెప్పింది: తీరం దగ్గర ఆమ్లత పెరగడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కారణం కాదని, పొగ, పరిశ్రమల నుంచి వచ్చి పడే సల్ఫేట్, నైట్రేట్ ధూళి కూడా కారణమని. దీన్నిబట్టి నాకు అనిపించేది ఒకటుంది. పైనుంచి ఆమ్లం రాలుస్తూ పక్కనుంచి క్షారం పోయడం కన్నా ముందు ఆ రాలేదాన్ని ఆపొచ్చు కదా. పొగగొట్టం దగ్గర ఆపితే దానికి ప్లవకాల అనుమతి అక్కర్లేదు.

రాయి పొడి గురించి, స్లాగ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గరికి వస్తే ఈ రూపంలోనే రావచ్చు. ఆలివిన్ అనే రాయిలో మెగ్నీషియం, సిలికాతో పాటు ఇనుము, నికెల్ ఉంటాయి. సిలికా డయాటమ్‌లకి మేలు. నికెల్ కొంచెం అయితే కొన్నింటికి అవసరం, ఎక్కువైతే విషం. నత్రజనిని గాలినుంచి పట్టుకునే ట్రైకోడెస్మియం అనే నీలి ఆకుపచ్చ జీవికి నికెల్ పనికొస్తుంది. ఎండాకాలంలో మన తూర్పు తీరంలో సముద్రం మీద రంపపు పొట్టులా తేలేది అదే. దానికి అదనంగా నికెల్ అందితే ఏమవుతుందో మన నీళ్ళలో చూస్తే తప్ప తేలదు. ఉక్కు స్లాగ్‌తో కూడా టాస్మేనియాలో పరీక్ష చేశారు. ఆలివిన్ కన్నా చాలా తక్కువ పొడితో చాలా ఎక్కువ క్షారత వచ్చింది. కానీ స్లాగ్ అంటే ఒకే పదార్థం కాదు, ఏ ఖనిజం నుంచి ఏ కొలిమిలో వచ్చిందో బట్టి అందులో మాంగనీసు, వనేడియం, క్రోమియం మారతాయి. "గుట్టలు ఎలాగూ ఉన్నాయి, సముద్రంలో వేస్తే పర్యావరణానికి మేలు కూడానట" అనే మాట ఎవరైనా అంటే, ఆ గుట్టలోని స్లాగ్ నుంచి సముద్రపు నీళ్ళలోకి ఏయే లోహం ఎంత కరుగుతుందో ముందు చూపించమని అడగాలి. చెత్త వదిలించుకోవడానికి వాతావరణం పేరు వాడుకునే వీలు ఇవ్వకూడదు.

మన దేశానికి ఈ రంగంలో ఒక పాత అనుభవం ఉంది, అది ఎవరూ గుర్తు చేయరు. 2009 మొదట్లో మన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి లోహాఫెక్స్ అనే ప్రయోగం చేశాయి. దక్షిణ మహాసముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లారు. ఇనుము పడితే డయాటమ్‌లు పెరిగి, చచ్చి, కార్బన్‌ని అడుగుకి తీసుకుపోతాయన్నది ఆశ. ప్లవకాలు పెరిగాయి, కానీ డయాటమ్‌లు కాదు. ఆ నీళ్ళలో సిలికా అప్పటికే అయిపోయి ఉంది. పెరిగిన మెత్తటి జాతుల్ని కోపీపాడ్‌లనే చిన్న జీవులు తినేశాయి, కార్బన్ పెద్దగా కిందికి పోలేదు. ఇనుము, క్షారం ఒకటి కాదు, నేను ఒకే గాటన కట్టడం లేదు. కానీ ఒక పోషకం గురించి వేసిన లెక్క ఇంకో పోషకం దగ్గర తిరగబడిందన్నది మన శాస్త్రవేత్తలే ఓడ మీద నిలబడి చూసిన విషయం. వాళ్ళు ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించారు, అందుకు వాళ్ళంటే నాకు గౌరవం.

ఫిషింగ్ హార్బర్‌లో నాకు తెలిసిన ఒకాయన ఉన్నారు, చాలా ఏళ్ళుగా బోటు మీద పోతున్న మనిషి. "బాబాయ్, నీళ్ళ రంగు చూసి వల వేస్తారా" అని అడిగాను. "రంగు సూడకుండా ఎవుడేత్తాడమ్మా. నీరు పచ్చగుంటే కవళ్ళొత్తాయి. మరీ సిక్కగయిపోతే ఏటీ రాదు, ఆయిలు దండగ" అన్నారు. కవళ్ళు, నెత్తళ్ళు ప్లవకాల మీదే బతుకుతాయి, వాటిని తినడానికి వంజరం వస్తుంది. నీళ్ళలో డయాటమ్‌ల వాటా ఎంతన్నది ల్యాబ్‌కి ఒక అంకె, ఆయనకి ఆ రోజు డీజిల్ ఖర్చు. అసలు ఏం చెయ్యబోతున్నారో ఆయనకి ముందు చెప్పాలి, ఆయన ఒప్పుకోవాలి, కొలిచే పనిలో ఆయన బోటు కూడా ఉండాలి. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరంలో 2023లో జనం బీచ్ మీదికొచ్చి నిరసన చేశారు, అక్కడి సముద్రంలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలపబోతున్నారని తెలిసి. ఇక్కడ ఇప్పటికే పరిశ్రమల పైపులైన్లతో విసిగిపోయిన మత్స్యకార ఊళ్ళున్నాయి. వాళ్ళకి చివర్లో చెప్తే ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు, వాళ్ళ కోపం తప్పు కూడా కాదు. సముద్రంలో ఇలాంటి పనుల్ని అదుపు చేయడానికి లండన్ ప్రోటోకాల్‌కి (సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) 2013లో చేసిన సవరణ ఇంకా అమల్లోకే రాలేదు, కాబట్టి ఎక్కడో పైన ఎవరో చూసుకుంటారన్న ధీమా పెట్టుకోవద్దు.

ఇంతకీ నేను ఏం అడుగుతున్నాను? ఆపెయ్యమని కాదు. మన నీళ్ళతో, మన ప్లవకాలతో, మన కాలాల్లో పరీక్ష మొదలుపెట్టమని. సముద్రంలో కాదు, ముందు ఒడ్డున ట్యాంకుల్లో. ఈ ఊళ్ళో యూనివర్సిటీ ఉంది, సముద్ర విజ్ఞాన కేంద్రం ఉంది, కార్బన్ డయాక్సైడ్ మార్చి గోదావరి ప్లవకాలు ఎలా స్పందిస్తాయో చూసిన అనుభవం ఇక్కడివాళ్ళకి ఉంది, ట్యాంకుల్లో డయాటమ్‌ని పెంచడం తెలిసిన హేచరీ కుర్రాళ్ళు తీరం పొడవునా ఉన్నారు. కింది నీళ్ళు లేచే కాలంలో ఒకసారి, వానల ముందు ఒకసారి, నదుల నీళ్ళు వచ్చాక ఒకసారి చెయ్యాలి. లోటు పూడ్చిన క్షారంతో, పూడ్చని క్షారంతో విడివిడిగా చెయ్యాలి. క్లోరోఫిల్ కొలిచి ఊరుకోకుండా జాతి జాతిగా లెక్కపెట్టాలి. అయోడిన్ వేసిన నీళ్ళ చుక్కని గళ్ళ స్లైడు మీద పెట్టి గంటల తరబడి లెక్కపెట్టే పని అది, కళ్ళు లాగేస్తాయి, దానికి డబ్బులిచ్చేవాళ్ళు తక్కువ. కంపెనీ అమ్ముకునేది టన్నులు, కణాల లెక్క కాదు. అందుకే ఆ లెక్క కట్టే ఖర్చు క్రెడిట్ ధరలోనే కలపాలి, కట్టేవాళ్ళు మాత్రం కంపెనీ మనుషులు కాకూడదు. ప్లవకాలతో ఆపకుండా వాటిని తినే కోపీపాడ్‌లు, రొయ్య పిల్లలు, చేప పిల్లలు తిని ఎదుగుతున్నాయా లేదా అన్నదాకా పోవాలి. వచ్చిన అంకెలన్నీ, బాగున్నవీ బాగాలేనివీ, జనానికి కనపడేలా పెట్టాలి.

ట్యాంకుల తర్వాత సముద్రంలో చిన్న మోతాదులో చూద్దాం అన్న రోజు వస్తే, అప్పుడొక సలహా తప్పకుండా వస్తుందని నా భయం. "ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లుండవు, ఎవరికీ అడ్డం కాదు, అప్పుడు చేసేద్దాం" అని. ఆఫీసులో కూర్చుని చూస్తే సౌకర్యంగానే కనిపిస్తుంది. కానీ ఆ 61 రోజులు బోట్లు ఆపింది చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలకి మొదటి ముద్ద ఆ నీళ్ళలోని ప్లవకాలే. వాటి కోసం ఇంత మంది మత్స్యకారులు రెండు నెలలు పస్తులుండి పడవలు ఒడ్డున కట్టేసుకుంటుంటే, అదే రెండు నెలల్లో ఆ తిండి మీద ప్రయోగం పెట్టడానికి ఎవరికీ అనుమతి ఇవ్వకూడదు. ఇది రాతపూర్వకంగా, మొదటి దరఖాస్తు రాకముందే నిబంధనల్లో ఉండాలి.